కిటికీ పక్క బాకీ

దేవుడు మనుషుల తప్పులన్నీ రాసుకుంటాడని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. ఆ మాటలో నాకొక అనుమానం ఉంది, ఏళ్ల తరబడి తీరలేదు. పెద్ద తప్పులు రాసుకుంటాడు, సరే. మరి చిన్నవో? పక్కింటి గొడుగు తెచ్చుకుని తిరిగి ఇవ్వకపోవడం, వస్తానని చెప్పి వెళ్లకపోవడం, ఇస్తానన్న కిటికీ పక్క సీటు ఇవ్వకపోవడం, ఇలాంటివాటికి కూడా ఆ పుస్తకంలో చోటుంటుందా? పొద్దున్నే దండం పెట్టుకునేటప్పుడు అడుగుదామనుకుంటాను. అడిగితే నావి నేనే గుర్తు చేసినట్టవుతుందని ఊరుకుంటాను. మా పై వాటాలో ఉండే టైమ్‌టేబుల్ మాస్టారి సంగతి తెలిశాక మాత్రం, రాసుకుంటాడనే అనిపిస్తోంది.

మాస్టారు బడిలో చెప్పేది భూగోళం. అయినా ఆయన్ని ఎవరూ భూగోళం మాస్టారు అనరు. నలభై ముగ్గురు టీచర్లకూ ఇరవై ఆరు తరగతులకూ ఒకరి పీరియడు ఇంకొకరికి తగలకుండా ప్రతి ఏడూ టైమ్‌టేబుల్ వేసేది ఆయనే. భార్య ప్రసవానికి సెలవు కావాలని ఒక లెక్కల మాస్టారు అడిగితే, మూడో పీరియడు తర్వాత అయితే ఎవరికీ ఇబ్బంది ఉండదని చెప్పిన మనిషి. ఇంట్లో కూడా స్నానాలకు వరస ఉంటుంది, ఆ కాగితం స్నానాల గది తలుపు మీద అంటించి ఉంటుంది.

ఆయన భార్యకు మాట తక్కువ, జ్ఞాపకం ఎక్కువ. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటే మొగుడికి ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. ఇరవై ఏడేళ్ల కిందట, పెళ్లయిన మొదటి నెలలో, ఇద్దరూ రైల్లో ఒక కొండ లోయ గుండా వచ్చారు. లోయలో ఏడు జలపాతాలు. "సగం దూరం కిటికీ పక్కన నేను కూర్చుంటాను, సగం దూరం నువ్వు కూర్చో" అన్నారు మాస్టారు. ఆయన జీవితంలో వేసిన మొదటి టైమ్‌టేబుల్ అదే. ఏడు జలపాతాలూ మొదటి సగంలోనే అయిపోయాయి. సరిగ్గా సగం దూరం రాగానే ఆయన లేచి, ఎంతో న్యాయంగా, ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టారు. అక్కడి నుంచి రాళ్లు, ఒక సొరంగం, ఆ తర్వాత సిమెంటు గోదాములు.

అప్పటి నుంచి ఎవరు జలపాతాల మాటెత్తినా ఆవిడది ఒకటే జవాబు. "నేను చూడలేదండీ. మా ఆయన కుడి చెవి చూశాను."

"సగం ఇచ్చానా లేదా? కిలోమీటర్లు లెక్కపెట్టి మరీ ఇచ్చాను" అనేవారు మాస్టారు.

"అవును, కిలోమీటర్లు ఇచ్చారు" అని ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయేది.

ఈ వేసవి సెలవుల్లో ఆ మాటకు శాశ్వతంగా తెర దించాలని మాస్టారు నిశ్చయించుకున్నారు. అదే లోయ, అవే జలపాతాలు, ఈసారి ఆవిడకే కిటికీ. అయితే ఊరికే రైలెక్కి వెళ్లి వస్తే ఆయన టైమ్‌టేబుల్ మాస్టారు ఎలా అవుతారు? లోయలో రైలు పట్టాలు ఒక పక్క, రోడ్డు ఇంకో పక్క ఉంటాయి. ఇద్దరు కారులో, ఇద్దరు రైల్లో బయలుదేరి, మధ్య స్టేషన్లో వాళ్లు ఇటూ వీళ్లు అటూ మారిపోతే, అందరూ రెండూ చూసినట్టవుతుంది. కారు బావమరిదిది. నాలుగో మనిషి మాస్టారి అక్కగారు. ఆవిడ నలభై ఏళ్లు బట్టలు కుట్టి, చూపు ఆనక, కిందటేడే మిషను అమ్మేసింది.

ప్రయాణం రోజు పొద్దున ఐదున్నరకు భోజనాల బల్ల మీద కాగితం పరిచారు. మూడు రంగుల్లో గీతలు. మొదటి పీరియడు, కింది స్టేషన్ నుంచి మధ్య స్టేషన్ వరకు: రైల్లో మాస్టారు, భార్య. కారులో బావమరిది, అక్కగారు. రెండో పీరియడు, మధ్య స్టేషన్ నుంచి పై స్టేషన్ వరకు: రైల్లో బావమరిది, అక్కగారు. కారులో మాస్టారు, భార్య. పీరియడు మారేటప్పుడు ఊదడానికి మాస్టారి మెడలో బడి ఈల కూడా వేలాడుతోంది.

"మరి రెండో పీరియడులో కారు నడిపేదెవరు?" అని అడిగాడు బావమరిది.

"నేనే. ఎనిమిదేళ్ల నుంచి లైసెన్సు ఉంది."

"లైసెన్సు నేనే ఇప్పించాను బావా. కానీ నా కాలు లేకుండా మీరు ఒక్క రోజూ నడపలేదు."

"నీ కాలు నాకెందుకోయ్."

బావమరిది ఏదో చెప్పబోయి, తన అక్క, అంటే మాస్టారి భార్య, మొహం చూసి మానుకున్నాడు. అతనిది డ్రైవింగ్ స్కూలు. కారు కూడా స్కూలుదే. నెత్తిన పెద్ద బోర్డు, దాని మీద ఎర్ర అక్షరాలతో ఫోన్ నంబరు. లోపల నేర్చుకునేవాళ్ల కాళ్ల దగ్గర ఉన్నట్టే, పక్క సీటు కింద నేర్పేవాడికీ ఒక బ్రేకు, ఒక క్లచ్చి ఉంటాయి. మాస్టారు ఎనిమిదేళ్లుగా తన చేతి చలవ అనుకుంటున్నది చాలావరకు బావమరిది కాలి చలవ. ఇంటి మర్యాద కోసం ఆ సంగతి ఎవరూ ఆయనకు చెప్పలేదు.

ఎనిమిది పదికి రైలు కదిలింది. కారూ కదిలింది. అక్కగారు ఇంటికి పెద్ద కనుక ముందు సీటు ఆవిడదే. కారు కిలోమీటరు వెళ్లేలోపే రెండుసార్లు దిగ్గున ఆగింది. బావమరిది వంగి చూస్తే, ఆవిడ కాళ్లు కింది బ్రేకు మీద లయగా ఆడుతున్నాయి. నలభై ఏళ్లు మిషను తొక్కిన పాదాలు. కింద ఏదైనా పలక తగిలితే చాలు, వాటంతట అవే పనిలోకి దిగుతాయి. ఆలోచనలో ఉంటే నెమ్మదిగా తొక్కుతుంది, భయమేస్తే గట్టిగా తొక్కుతుంది. "వదినగారూ, కాళ్లు పైన పెట్టుకుని కూర్చోండి, హాయిగా ఉంటుంది" అన్నాడు బావమరిది, మర్యాదగా. ఆవిడ సీటు మీద బాసింపట్టు వేసుకుంది. రెండు గంటల పాటు అలాగే కూర్చుంది. హాయి సంగతి తర్వాత తెలిసింది.

రైల్లో ఎడమ పక్క కిటికీ దగ్గర మాస్టారి భార్య, పక్కన మాస్టారు. "ఇవాళ్టితో చెవి మాట ఎత్తడానికి వీల్లేదు" అన్నారాయన. ఆవిడ కిటికీ అద్దాన్ని రుమాలుతో తుడిచింది, కళ్లజోడు కూడా తుడుచుకుని పెట్టుకుంది. ఆవిడ ఏదైనా చూడడానికి అంతగా సిద్ధపడడం మాస్టారు అంతకుముందు ఎప్పుడూ ఎరగరు. కిటికీ అవతల చెయ్యి చాపితే తగిలేంత దగ్గరలో కొండరాయి ఉంది. పావుగంటకు కూడా కొండరాయే ఉంది. అరగంటకూ అదే.

"ఇక వస్తాయి" అన్నారు మాస్టారు గడియారం చూసుకుని.

ఎదురుగా కూర్చున్న బుట్టల వ్యాపారి చాలాసేపు జాలిగా చూసి, ఇటు పక్క రాయి తప్ప ఏమీ ఉండదని, జలపాతాలు మధ్య స్టేషన్ దాటాక కుడి పక్కన వస్తాయని చెప్పాడు.

"నేను భూగోళం చెబుతానయ్యా" అన్నారు మాస్టారు.

"మీరు చెప్తారు సార్. నేను రోజూ ఇటే వస్తాను."

అప్పుడు మాస్టారికి గుర్తొచ్చింది. ఇరవై ఏడేళ్ల కిందట ఆ లోయలోంచి దిగారు. ఇవాళ ఎక్కుతున్నారు. అప్పటి ఎడమ ఇప్పటి కుడి, అప్పటి మొదటి సగం ఇప్పటి రెండో సగం. ఏరు దిగువకు వెళ్లేవాడి ఎడమ గట్టు ఎగువకు వెళ్లేవాడికి కుడి గట్టు అవుతుందని ఆయన ప్రతి ఏడూ ఆరో తరగతి పిల్లలకు బొమ్మ వేసి చూపిస్తారు, రాయనివాళ్లకు మార్కులు కోస్తారు. ఆ మాట అక్కడే ఒప్పుకుంటే కథ అక్కడే అయిపోయేది. ఆయన ఒప్పుకోకుండా కాగితం తీసి దీక్షగా చూడడం మొదలుపెట్టారు.

గంట గడిచాక భార్య నోరు విప్పింది. "రాయి బాగుందండీ. కొంచెం తడిగా ఉంది."

ఇంకాసేపటికి, "ఏమండీ, మధ్య స్టేషన్లో నేను దిగను. ఇందులోనే ఉండి మిగతాది చూసి వస్తాను" అంది.

ఇరవై ఏడేళ్లలో ఆవిడ నోరు తెరిచి అడిగింది బహుశా అదొక్కటే. మాస్టారికి అది తెలుసు. కానీ ఔనంటే పొరపాటు ఒప్పుకున్నట్టే. "నువ్వుంటే అక్కకు సీటెక్కడిది? ఒకరికి మారిస్తే అందరికీ మార్చాలి. కారులోంచి కూడా కనిపిస్తాయిలే" అన్నారు.

"సరే" అంది ఆవిడ. కళ్లజోడు తీసి పెట్టెలో పెట్టేసింది.

మధ్య స్టేషన్లో రైలు పదిహేను నిమిషాలు ఆగుతుంది. జనం దిగి టీలు తాగుతున్నారు, బుట్టల వ్యాపారి బుట్టలతో సహా వెళ్లిపోయాడు, సగం పెట్టె ఖాళీ అయింది. బయట చెట్టు కింద కారు ఆగింది. బావమరిది, అక్కగారు దిగారు. బావమరిది దిగాడు అనాలి, అక్కగారిని దించారు అనాలి. రెండు గంటల బాసింపట్టుతో ఆవిడ కాళ్లు మొద్దుబారి, ఒక్కో అడుగుకూ ఒక్కో దేవుడి పేరు తలుచుకుంటూ ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. ఇంకా ఏడు నిమిషాలుంది. కానీ పీరియడు మారే వేళయింది. మాస్టారు ఛాతీ నిండా గాలి పీల్చి ఈల ఊదారు.

బడిలో ఆ ఈలకు వెయ్యి మంది పిల్లలు వరసలో నిలబడతారు. ఇక్కడ టీ తాగుతున్నవాళ్లందరూ గార్డు ఊదాడనుకుని గ్లాసులు వదిలేసి రైలు మీద పడ్డారు. ఆ తోపులాటలో బావమరిది లోపలికి కొట్టుకుపోయాడు, అక్కగారు వెనక్కి కొట్టుకొచ్చి బెంచీ మీద కూలబడింది. అసలు గార్డు పచ్చజెండా చంకలో పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఎవరు సార్ ఊదింది?"

"పీరియడు మారింది" అన్నారు మాస్టారు.

గార్డు ఆయన మెడలోంచి ఈల తీసి జేబులో వేసుకున్నాడు. "ఇది నా ఉద్యోగం సార్. నేను మీ బడికొచ్చి పాఠం చెప్పానా?"

జనం ఎలాగూ ఎక్కేశారు కనుక, సమయం కాగానే రైలు ఒక్క క్షణం కూడా ఆగకుండా కదిలింది. అక్కగారి కాళ్లకు అప్పటికి ఇంకా తిమ్మిరి వదల్లేదు. మాస్టారు ఆవిడను లేవదీసే ప్రయత్నంలో ఉన్నారు, భార్య సామాను కారులో సర్దుతోంది. అందరూ తలెత్తేసరికి రైలు వంపు తిరుగుతోంది. అందులో బావమరిది, అతని పక్కన ఒక ఖాళీ సీటు. ఆ సీటు టికెట్టు మాస్టారి జేబులో.

కారులో అక్కగారు మళ్లీ ముందే కూర్చుంది. ఈసారి కాళ్లు ముడిచేది లేదని తమ్ముడికి ఖచ్చితంగా చెప్పింది. కింద కాళ్లు పెట్టుకోవడానికి పీటలా ఏదో అమర్చారనీ, అది ఉండగా బావమరిది తనను అంతసేపు ఎందుకు హింసించాడో తెలియడం లేదనీ కూడా అంది. మాస్టారి భార్య వెనక సీట్లో కూర్చుంది. అక్కడి నుంచి ఆవిడకు మళ్లీ ఆయన చెవే కనిపించింది. ఈసారి రెండూ.

రోడ్డు కొండ అంచు కింద నుంచి వెళుతుంది. జలపాతాలు నెత్తి మీద ఉంటాయి. హోరు వినిపిస్తుంది, తుంపర అద్దాల మీద పడుతుంది, చూడడానికి మాత్రం వీలుండదు. చూడాలంటే అవతల గట్టు మీద ఉండాలి, రైల్లో. మొదటి హోరు వినగానే అక్కగారికి భయమేసింది. కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంది. పైన చేతులు దండం పెట్టాయి, కింద కాళ్లు మిషను ఎక్కాయి. కారు దిగ్గున ఆగి ఇంజను చచ్చిపోయింది.

మాస్టారు మళ్లీ స్టార్టు చేశారు. నలభై గజాలు వెళ్లారు. మళ్లీ ఆగింది. పెట్రోలులో నలకేదో ఉందన్నారు. ఇంకో నలభై గజాలకు, కొండ ఎత్తు వల్ల ఇంజనుకు ఊపిరాడడం లేదన్నారు. వెనక పదకొండు బళ్లు చేరాయి. ముందుకు వెళ్లే దారి లేక, హారను కొట్టీ కొట్టీ విసిగి, వాళ్లందరూ తలెత్తి చూశారు. బోర్డు మీద ఎర్ర అక్షరాలతో నంబరు ఉంది.

రైల్లో బావమరిది ఎడమ సీటు వదిలేసి కుడి పక్కకు మారి, మొదటి జలపాతాన్ని నోరు తెరుచుకుని చూస్తుండగా ఫోను మోగింది. ఇవాళ స్కూలుకు సెలవని చెప్పి పెట్టేశాడు. రెండో జలపాతం దగ్గర మళ్లీ మోగింది. మీ స్టూడెంటు దారంతా ఆపేశాడన్నారు. ఇవాళ స్టూడెంట్లెవరూ లేరన్నాడు. మూడోసారి ఒక లారీ డ్రైవరు వివరంగా చెప్పాడు.

"నేర్చుకునేవాడు ముసలాయన. పాపం తంటాలు పడుతున్నాడు. నేర్పే టీచరమ్మే కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటోంది. మీ స్కూల్లో ఇలాగే నేర్పుతారా?"

అప్పుడు అర్థమైంది బావమరిదికి. తిరిగి చేద్దామంటే బావగారి ఫోను మోగుతోంది కానీ ఎవరూ తీయడం లేదు. పీరియడు మధ్యలో ఫోను తీయడం మాస్టారి పద్ధతి కాదు.

ఏడో జలపాతానికి కాస్త ముందు రోడ్డూ పట్టాలూ ఒకదాన్నొకటి దాటుకుంటాయి. పట్టాలు కొండ చుట్టూ తిరిగి వస్తాయి, రోడ్డు దగ్గర దారిన వెళుతుంది కనుక, ఆగుతూ ఆగుతూనే కారు రైలు కంటే ముందు అక్కడికి చేరింది. అక్కడ గేటు ఉంది, గేటు వేయడానికి గేట్‌మన్ సిద్ధంగా ఉన్నాడు. ఒక్క నిమిషం ఆగమని చెయ్యి ఊపాడు. తన టైమ్‌టేబుల్ ప్రకారం రైలు రావడానికి ఇంకా నాలుగు నిమిషాలుందని మాస్టారు ముందుకు పోనిచ్చారు. దూరంగా రైలు కూత వినిపించింది. అక్కగారు జీవితంలో ఎన్నడూ లేనంత భక్తితో రెండు కాళ్లూ ఎత్తి తొక్కింది. కారు పట్టాల మీద, సరిగ్గా మధ్యలో ఆగింది.

గేట్‌మన్ ఎర్రజెండా పట్టుకుని పరిగెత్తాడు. ఎగువకు ఎక్కే రైలు కనుక ఎడ్లబండి కంటే కొంచెం నయంగా వస్తోంది. చాలా దూరంలోనే, వంతెన మీద, తీరుబడిగా ఆగింది. మాస్టారు అదేమీ చూడలేదు. చమటలు కారుతుండగా తాళం తిప్పుతున్నారు, కారు ఒక అడుగు వేసి ఆగుతోంది. వెనక సీట్లోంచి భార్య ముందుకు వంగి, ఇరవై ఏడేళ్లలో మొదటిసారి ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"దిగండి. తర్వాత నడుపుదురుగాని."

ముగ్గురూ దిగి పక్కన నిలబడ్డారు. రైల్లోంచి మొదట దూకింది బావమరిది. పెట్రోల్లో నలకేదో ఉందని మాస్టారు చెబుతుండగానే తలుపు తీసి ముందు సీటు కింద చూపించాడు. "ఇదీ బావా మీ పెట్రోల్లో నలక."

"నేను పీట అనుకున్నాను నాయనా" అంది అక్కగారు.

మాస్టారు వంగి ఆ రెండో బ్రేకును చూశారు. ఎనిమిదేళ్ల డ్రైవింగు ఆయన కళ్ల ముందు ఒకసారి వెళ్లింది. ఎక్కడెక్కడ తాను చాకచక్యంగా ఆపానని చెప్పుకున్నారో అన్నీ గుర్తొచ్చినట్టున్నాయి. ఈలోగా గార్డు వచ్చాడు. మాస్టార్ని చూసి అతనేమీ ఆశ్చర్యపోలేదు.

"మళ్లీ మీరేనా సార్? మీరు ఏం చేస్తుంటారు?"

మాస్టారు చాలా నెమ్మదిగా చెప్పారు. "టైమ్‌టేబుల్ వేస్తాను."

గార్డు గడియారం చూసుకున్నాడు. రైలు ఎందుకు ఆలస్యమైందో పై స్టేషన్లో చెప్పుకోవాలి, దానికి కారకులు రాసి సంతకం పెట్టిన కాగితం కావాలి. కాగితం గార్డు దగ్గర లేదు. అక్కడున్న వాళ్లందరిలో కాగితం ఒక్క మాస్టారి జేబులోనే ఉంది, మూడు రంగుల గీతలతో. బావమరిది కారు తీసి పక్కన పెట్టి, వెనక పోగైన బళ్లను ఒక్కొక్కటే పంపుతున్నాడు. రైలు ఎక్కేవాళ్లెవరో త్వరగా ఎక్కండి, రాత అయ్యేవరకే ఆగుతాను అన్నాడు గార్డు. అక్కగారు తాను చచ్చినా ఎక్కనంది.

మాస్టారు జేబులోంచి కాగితం తీశారు. దాంతోపాటు టికెట్టు వచ్చింది. కాగితంలో రెండో పీరియడు కింద భార్య ఎక్కడుండాలో ఎర్ర సిరాతో స్పష్టంగా రాసి ఉంది. దాన్ని ఒకసారి చూశారు. కొట్టివేయలేదు, దిద్దలేదు. వెనక్కి తిప్పి, కారు ముందు భాగం మీద పరిచారు. తలెత్తకుండానే టికెట్టు భార్య వైపు చాపారు.

"కుడి పక్క కూర్చో" అన్నారు.

ఆవిడ టికెట్టు అందుకుంది. పెట్టెలోంచి కళ్లజోడు తీసుకుని, పట్టాల వెంట నడిచి వెళ్లి రైలెక్కింది.

ఆ రాత అంత తేలిగ్గా తెమల్లేదు. "ఒక కారు ఆగినందువల్ల" అని రాశారు మాస్టారు. ఎందుకు ఆగిందో రాయమన్నాడు గార్డు. "బ్రేకు పడినందువల్ల" అని చేర్చారు. ఎవరు వేశారో రాయమన్నాడు. అక్కగారు పక్కనే నిలబడి, దండం పెట్టుకోవడం తప్పని రాస్తే ఊరుకోనంది. మాస్టారు కొట్టేసి మళ్లీ రాశారు. పిల్లల జవాబుల్లో సాగదీతను సహించని మనిషి నాలుగుసార్లు మొదలుపెట్టారు. ఆయన రాసినంతసేపూ గార్డు ఆయన భుజం మీదుగా వంగి ప్రతి అక్షరం చదువుతూనే ఉన్నాడు. మొత్తం ఇరవై రెండు నిమిషాలు. రెండు నిమిషాల్లో దాటిపోయే వంతెన మీద, లోయలోకెల్లా పెద్దదైన ఏడో జలపాతం ఎదురుగా, ఆ రైలు ఇరవై రెండు నిమిషాలు ఆగింది. చివరికి మాస్టారు "తప్పు నాది" అని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టారు. గార్డు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఈల తిరిగి ఇచ్చేశాడు. ఆ రోజు మిగిలిన పీరియడ్లన్నీ ఆ కాగితంతోనే వెళ్లిపోయాయి.

మర్నాడు సాయంత్రం ఇద్దరూ మా వాటాకు వచ్చారు. జలపాతాలు చూశారా అని అలవాటుగా అడిగాను. పాత జవాబే వస్తుందనుకున్నాను. మాస్టారి భార్య కుర్చీలో సర్దుకుని కూర్చుని, ఏడో జలపాతం సంగతి చెప్పడం మొదలుపెట్టింది. పైన ఒక్కటే ధారగా మొదలై మధ్యలో రాయి తగిలి మూడు పాయలవుతుందట, ఎండ పడినప్పుడు నడిమి పాయ ఒక్కటే మెరుస్తుందట, రాతి సందులో ఒక పిట్ట నీళ్లకు తడవకుండా గూడు కట్టుకుందట, తల్లి పదకొండుసార్లు వచ్చి వెళ్లిందట. లెక్కపెట్టడానికి తీరిక దొరికిందని చెప్పింది. తిరుగు రైల్లో మిగతా ఆరూ చూసిందట, ఎడమ పక్క కిటికీలోంచి. మా ఇంట్లో కాఫీలు చల్లారిపోయాయి. ఆవిడ అంతసేపు మాట్లాడడం మేమెవరం అంతకుముందు చూడలేదు.

"మరి మీరు చూశారా మాస్టారూ?" అని అడిగాను.

మాస్టారు కప్పు కింద పెట్టి, "లేదండీ, నేను గార్డు గారి ఎడమ చెవి చూశాను" అన్నారు.